నెల రోజులు ఊరించిన నిప్పు బాస్ రెండు రౌండ్లలో ఆరిపోయింది, ఏం చెయ్యాలి?

పొయ్యిలో_పిల్లి:
డీఅండ్‌డీ (డంజియన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలేస్తూ కథలో పాత్రలుగా ఆడే ఆట) ఫిఫ్త్ ఎడిషన్ ఆడిస్తున్నా, 2014 రూల్స్, నలుగురు ప్లేయర్లు, అందరూ లెవెల్ 5. నెల రోజుల నుంచి ఊరిస్తూ వచ్చా, కొండ కింద ఏదో మండుతోంది, పల్లెలు బూడిదవుతున్నాయి, ఎవడో మంత్రగాడు పిలిచాడు కానీ కాన్సంట్రేషన్ తప్పి అది వాడి మీదకే తిరగబడింది అని... తీరా మొన్న ఆదివారం ఫైర్ ఎలిమెంటల్‌ని (ఒళ్ళంతా నిప్పే అయిన జీవి) దింపితే రెండంటే రెండు రౌండ్లు. 102 హెచ్‌పీ (ప్రాణం పాయింట్లు) ఎటు పోయిందో కూడా తెలీలేదు. ఫైటర్ మ్యాజిక్ కత్తితో యాక్షన్ సర్జ్ (ఒకే టర్న్‌లో ఇంకో యాక్షన్) కొట్టాడు, క్లెరిక్ (దేవుడి శక్తితో మంత్రాలేసే పాత్ర) నీళ్ళ స్పెల్ వేసి పది గాలన్లు కాబట్టి పది డామేజ్ అంది, నేనూ సరే అనేశా. అయిపోయాక రోగ్ (దొంగ పాత్ర) ఆడేవాడు "భూచక్రం కూడా ఇంతకన్నా ఎక్కువసేపు తిరుగుద్ది మామా" అన్నాడు, అది ఇంకా గుచ్చుకుంటోంది. పరువు కోసం "ఇది పిల్లది, తల్లి ఇంకా లోపలుంది" అని అప్పటికప్పుడు కవర్ చేశా. ఇప్పుడు ఆ తల్లిని తయారుచెయ్యాలి. హెచ్‌పీ 300 పెడితే చాలా?

డీ20_దొర:
చాలదు బ్రో, 300 పెడితే అదే బోరు ఇంకో నాలుగు రౌండ్లు సాగుద్ది అంతే. ముందు లెక్క చూడు. ఫైర్ ఎలిమెంటల్ సీఆర్ (ఎంత గట్టి శత్రువో చెప్పే అంకె) 5, అంటే 1800 ఎక్స్‌పీ (అనుభవం పాయింట్లు). లెవెల్ 5 వాళ్ళు నలుగురికి మీడియం ఫైటే 2000 నుంచి మొదలు, డెడ్లీ అంటే 4400. నువ్వు పెట్టింది పుస్తకం ప్రకారం ఈజీ ఫైటు, ప్లేయర్లని అని లాభం లేదు.

ఇంకోటి, నువ్వు దాన్ని ఒకచోట నిలబెట్టి కొట్టించుకున్నావని నా అనుమానం. దాని స్పీడ్ 50 అడుగులు, శత్రువు నిలబడ్డ చోట్లోకే దూరిపోగలదు, ఒక టర్న్‌లో ఒక్కొక్కరిలోకి మొదటిసారి దూరినప్పుడల్లా ఒక డీ10 (పది ముఖాల పాచిక) డామేజ్, పైగా వాళ్ళు అంటుకుంటారు. అంటుకున్నాక ఎవరో ఒకరు తమ యాక్షన్ ఖర్చుపెట్టి ఆర్పేదాకా ప్రతి టర్న్ మొదట్లో ఇంకో డీ10. అంటే అసలు దెబ్బ 2డీ6+3 కాదు, వాళ్ళ యాక్షన్లు తినెయ్యడం. నలుగురిలోంచీ గీత గీసినట్టు పరిగెత్తించు, ఆపర్చునిటీ అటాక్ (పక్క నుంచి వెళ్ళిపోతుంటే కొట్టే ఫ్రీ దెబ్బ) కొడతారా, కొట్టనీ, దగ్గర్నుంచి కొట్టినోడికీ డీ10 కాలుద్ది. ఒక్క అంగుళం సందు చాలు దానికి, తలుపు మూసుకున్నా కింద నుంచి వచ్చేస్తది. దీన్నంతా ఖాళీ గుహలో వాడితే వేస్ట్, పత్తి గోడౌన్లోనో గడ్డివాముల మధ్యో పెట్టు, అప్పుడు చూడు తమాషా.

నిద్రపోని_రోగ్:
పైన చెప్పింది కరెక్టే కానీ ఆ నీళ్ళ దగ్గర నువ్వు మోసపోయావ్ 😂 గాలన్‌కి 1 కోల్డ్ డామేజ్ అనేది దాని మీద పడ్డ నీళ్ళకి. ఆ స్పెల్ ఫస్ట్ లెవెల్లో పది గాలన్ల నీళ్ళు పుట్టిస్తుంది నిజమే, కానీ అవి మూత లేని గిన్నెలోకన్నా రావాలి, లేదా 30 అడుగుల క్యూబ్‌లో వానగా పడాలి. ఆ వాన పడే నేల 900 చదరపు అడుగులు, ఎలిమెంటల్ సైజు లార్జ్ కాబట్టి అది ఆక్రమించేది 100. అంటే తొమ్మిదో వంతు, గాలన్‌కి కాస్త ఎక్కువ, మొత్తం 1 డామేజ్. స్పెల్ స్లాట్ (మంత్రాల కోటాలో ఒకటి) పెట్టి ఒక్క పాయింట్! అయితే అదే వానకి చుట్టూ అంటుకున్న మంటలన్నీ ఆరిపోతాయి, అసలు ఉపయోగం అదీ, నీ క్లెరిక్‌కి అది చెప్పు పాపం.

భయపడాల్సింది డికాంటర్ ఆఫ్ ఎండ్‌లెస్ వాటర్‌కి, అంటే నీళ్ళు అయిపోని మాయ కూజాకి. గీజర్ మాట అంటే ఒక్కసారే 30 గాలన్లు తిన్నగా మీద పడతాయి, 30 డామేజ్. వాళ్ళ సంచిలో అదుంటే ముందే చూస్కో. ఏరు అడ్డం పెడితే ఆగుద్ది అనుకోకు, నీళ్ళలో 5 అడుగులకి 1 పాయింటే పోద్ది, కోపంగా ఉంటే దాటేస్తది.

పొయ్యిలో_పిల్లి:
తొమ్మిదో వంతు 😭😭 స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టా, క్లెరిక్ నాతో మాట్లాట్లేదు. సరే తల్లి సంగతి? ఫీనిక్స్‌ని (నిప్పు పక్షి) దింపేద్దామా?

డీ20_దొర:
ఫీనిక్స్ సీఆర్ 16, లెవెల్ 5 మీదకి వదిలితే అది ఫైటు కాదు కర్మకాండ.

ఆవకాయ_బార్డ్:
కొంచెం లేటుగా వచ్చా, నాది వేరే గొడవ. మీరందరూ నంబర్లు చూస్తున్నారు, దానికి ఏం కావాలో ఎవరూ అడగట్లేదు. మన ఖాండవ దహనం గుర్తుందా? శ్వేతకి అనే రాజు పన్నెండేళ్ళ యాగంలో నెయ్యి తాగి తాగి అగ్నికి అజీర్తి, అడవిని తింటేగానీ తగ్గదు, ఏడుసార్లు అంటుకున్నాడు, ఏడుసార్లూ ఏనుగులు తొండాలతో నీళ్ళు చల్లి పాములు పడగలతో చల్లి ఆర్పేశాయి. ఆఖరికి బ్రాహ్మడి వేషంలో వచ్చి ఆకలేస్తోంది అని కృష్ణార్జునుల్ని అడిగాడు, ఇంద్రుడి వానని మీరు ఆపండి నేను తింటా అని. చిన్నప్పుడు విన్నప్పుడు నాకు అర్జునుడి బాణాల కన్నా ఆ అడగడమే భయమేసింది. నీ తల్లి నిప్పుని కూడా అట్లా పంపు. ఫైటుకి ముందే ముసలావిడగా వచ్చి మీ ఊరి ఎగువ చెరువుకి గండి కొట్టండి మీ జోలికి రాను అని బేరం పెడితే, ప్లేయర్లు గంటసేపు వాళ్ళలో వాళ్ళే కొట్టుకుంటారు.

ఫైటు తప్పకపోతే అగ్నికి ముండకోపనిషత్తులో ఏడు నాలుకలున్నాయి, ఇనిషియేటివ్ (టర్న్‌ల వరస) 20 దగ్గర రౌండ్‌కి ఒకటి లేపు. మనోజవా అంటే మనసంత వేగం, వేరేవాళ్ళ టర్న్ అయ్యాక ఇంకో 50 అడుగులు ఫ్రీగా కదులుద్ది. సుధూమ్రవర్ణా, పొగ, 20 అడుగుల్లో ఏం కనపడదు. స్ఫులింగినీ, నిప్పురవ్వలు, డెక్స్ సేవ్ (చురుగ్గా తప్పుకోడానికి వేసే పాచిక) తప్పితే అంటుకోవడమే. సులోహితా, ఇనప కవచం ఎర్రగా కాలుద్ది, ఫైటర్ గాడి పొగరు దిగుద్ది. కాళీ, కరాళీ నీ ఇష్టం, నేనైతే ఏడూ వాడను, నాలుగో రౌండుకి మనకే గుర్తుండదు ఏది లేపామో. విశ్వరుచీ మాత్రం దాచు, అక్కడ రుచి అంటే వెలుగు, నాలుక రుచి కాదు, హెచ్‌పీ సగానికి పడ్డాక గుహంతా తెల్లగా వెలిగిపోనీ.

నిద్రపోని_రోగ్:
ఇది నేను దొంగతనం చేస్తున్నా, నా క్యాంపెయిన్‌కి.

పొయ్యిలో_పిల్లి:
బేరం ఐడియా ఫిక్స్, ముసలావిడ రాత్రి సత్రంలో అన్నం అడుగుద్ది. ఒక్క డౌటు, మా రోగ్ మనిషి కనపడగానే ఇన్‌సైట్ చెక్ (ఎదుటివాళ్ళ మనసు పసిగట్టడానికి వేసే పాచిక) అంటాడు, 20 పడితే మొత్తం చెప్పెయ్యాలా?

ఆవకాయ_బార్డ్:
ఏం చెప్పకు. ఆవిడ లేచి వెళ్ళాక విస్తరాకు అంచులు కమిలి ఉన్నాయి అను చాలు.