రాజీవ్ గాంధీ పార్కులో తీసిన మూడు ఫోటోలు, ఏ పిట్టలో చెప్తారా?

కృష్ణలంక కెమెరా:
విజయవాడ బస్టాండు దగ్గరున్న రాజీవ్ గాంధీ పార్కులో పొద్దున నడకకి వెళ్తూ తీసినవండీ ఇవి. బావ దగ్గర పాత జూమ్ కెమెరా దొరికింది, అప్పట్నించీ పిట్ట కనబడితే చాలు ఆగిపోతున్నాను, ఇంట్లో వాళ్ళకి ఇదో కొత్త తద్దినం. మొదటిది వేపచెట్టులో దాక్కుంది, దాదాపు కాకంత ఉంది, ఒళ్ళంతా గోధుమరంగు మీద తెల్ల చుక్కలు, కన్ను ఎర్రగా ఉంది. నడకకొచ్చే పెద్దాయనొకరు డేగపిల్ల అన్నారు. రెండోది కరెంటు తీగ మీద, నల్లగా, తోక చివర రెండుగా చీలి ఉంది. అసలు తలనొప్పి మూడోదే. వీపు బూడిదరంగు, పొట్ట మీద సన్నటి అడ్డచారలు, రెండు కాకులు వెంటపడి తరుముతున్నాయి. పిట్టల పేర్లు చెప్పే యాప్‌లో ఎదురుగా తీసిన ఫోటో పెడితే షిక్రా, అంటే ఒక చిన్న డేగ, అంది, అదే పిట్టని వెనకనించి తీసింది పెడితే హాక్ కుకూ అంది. ఏది నమ్మాలి?

వేపచెట్టు:
మొదటిది డేగపిల్ల కాదు, ఆడ కోయిల. నల్లగా నిగనిగలాడేది, కూ అని కూసేది మగది. ఆడది కూయదు, కిక్ కిక్ కిక్ అని గబగబా అరుస్తుంది, అదీ ఎక్కువగా కాకి గూటి చుట్టుపక్కల తచ్చాడేటప్పుడే. గుడ్లు పెట్టేది అక్కడే కదా మరి. రెండోది డ్రోంగో, మా వైపు పసులపోలిగాడు అంటారు. నోటి మూల, ముక్కు మొదలయ్యే చోట చిన్న తెల్లచుక్క ఉందేమో జూమ్ చేసి చూడండి, చాలావాటికి ఉంటుంది. చలికాలంలో దీని చుట్టం ఒకటి వస్తుంది, అది బూడిదరంగు, కన్ను బాగా ఎరుపు. మీది నల్లదే.

జూమ్ లెన్స్:
మూడోదానికి యాప్‌ని తిట్టి లాభం లేదండి. హాక్ కుకూ కూడా కోయిల జాతే, చూడ్డానికి అచ్చం షిక్రాలా ఉంటుంది. దాన్ని చూసి చిన్న పిట్టలు డేగే అనుకుని బెదురుతాయి, అది బ్యాబ్లర్లనే పిట్టల గూళ్ళలో గుడ్లు పెట్టుకుని పోతుంది. కాకులు తరిమాయి కాబట్టి డేగే అనడానికీ లేదు, అవి రెండింటినీ తరుముతాయి. రంగు వదిలేసి ముక్కూ కాళ్ళూ చూడండి. షిక్రా ముక్కు పొట్టిగా, కిందికి కొక్కెంలా వంగి ఉంటుంది, గొంతు మధ్యలో నిలువుగా ఒక సన్నగీత ఉంటుంది. కుకూ ముక్కు అంత వంగదు, కంటి చుట్టూ పసుపు రింగు కనబడుతుంది. అన్నిటికంటే గట్టి గుర్తు వేళ్ళు. కొమ్మ పట్టుకున్నప్పుడు షిక్రాకి ముందుకి మూడు, వెనక్కి ఒకటి. కుకూకి ముందు రెండు, వెనక రెండు. వెనకనించి తీసిన ఫోటోలో ఇవేవీ పడవు, అందుకే యాప్ తికమకపడింది.

ఇంకోటి, వాట్సాప్‌లో వచ్చిన ఫోటో యాప్‌లో వేయకండి, క్వాలిటీ పోతుంది, తీసిన చోటూ తేదీ కూడా పోతాయి. మెర్లిన్ అనే పిట్టల యాప్ వాడితే ఊరూ తేదీ సరిగ్గా ఇవ్వండి, ఆ రోజుల్లో ఇక్కడ కనబడే పిట్టల్నే ముందు చూపిస్తుంది.

గుంటూరు గూడబాతు:
వెనక ఆకాశం ఉంటే రామచిలుక కూడా నల్లగానే పడుతుంది. ఫోన్‌లో అయితే పిట్ట మీద వేలితో నొక్కి, పక్కనొచ్చే సూర్యుడి గుర్తుని పైకి జరపండి, ఆకాశం తెల్లగా పోయినా పర్లేదు. అయినా ఆకుల్లో నక్కే వాటితో మొదలెడితే విసుగొస్తుంది అన్నా, వీలున్నప్పుడు మా ఉప్పలపాడు రండి, గుంటూరుకి దగ్గరే. ఊరి చెరువులో చెట్ల మీద గూడబాతులూ (పెలికాన్లు) ఎర్రకాళ్ళ కొంగలూ తీరిగ్గా కూర్చుని ఉంటాయి, ముక్కు ఆకారం చూసి పేరు చెప్పడం అక్కడ తొందరగా పట్టుబడుతుంది.

కృష్ణలంక కెమెరా:
మూడోది జూమ్ చేశా. ఒక కాలు ఆకు వెనక ఉంది, రెండో కాలికి ముందు మూడు వేళ్ళు స్పష్టంగా ఉన్నాయి. గొంతు మీద గీత కూడా ఉంది. డ్రోంగోకి తెల్లచుక్క దొరికింది, ఇన్నాళ్ళూ అది ఫోటోలో మచ్చ అనుకున్నా.

జూమ్ లెన్స్:
అయితే షిక్రానే, డౌట్ లేదు. కన్ను ఎర్రగా ఉంటే మగది, పసుపుగా ఉంటే ఆడది. మీరు పెట్టినదాంట్లో తేలట్లేదు, క్రాప్ చేయని ఒరిజినల్ పెట్టండి.

కృష్ణలంక కెమెరా:
కార్డు బావ దగ్గరుంది, రాత్రికి పెడతా.