మాచ్‌ఖండ్, బలిమెల ముంపును ‘జాతి వివక్ష’ అనవచ్చునా?

ప్రశ్న (జయపురం ఉపాధ్యాయురాలు):
నమస్కారం. ఒడిశాలోని కొరాపుట్ జిల్లా జయపురంలో తెలుగు పిల్లలకు సాంఘికశాస్త్రం చెబుతున్నాను. పర్యావరణ న్యాయం అనే పాఠానికి అమెరికా ఉదాహరణలు సిద్ధం చేసుకున్నాను. 1982లో ఉత్తర కరోలినాలోని వారెన్ కౌంటీలో, నల్లజాతివారు ఎక్కువగా నివసించే చోట విషపు మట్టిని పూడ్చడాన్ని ప్రజలు అడ్డుకోబోయారు. ప్రమాదకర వ్యర్థాల కేంద్రాల పక్కన ఎవరు నివసిస్తున్నారన్నది ఆదాయం కంటే జాతిని బట్టే ఎక్కువగా తెలుస్తుందని 1987లో యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ నివేదిక తేల్చింది. గదబ, దిదాయి ఆదివాసుల ఊళ్లను ముంచిన మన జలవిద్యుత్ జలాశయాల విషయంలోనూ ‘జాతి వివక్ష’ అనే మాట వాడవచ్చునా? జలపాతం ఉన్నచోటే కదా విద్యుత్ కేంద్రం కడతారు, ఇందులో వివక్ష ఎక్కడిదని మా సహోపాధ్యాయులు ఒకరు అడిగితే నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను.

జవాబు 1 (విశ్రాంత ఇంజనీరు, కొరాపుట్):
అమ్మా, ఆయన చెప్పినదానిలో సగం నిజముంది. డుడుమ జలపాతం దగ్గర నీరు అంత ఎత్తు నుంచి పడుతుంది కాబట్టే మాచ్‌ఖండ్ కేంద్రాన్ని అక్కడ కట్టారు. అది 1955లో మొదలైంది, సామర్థ్యం 120 మెగావాట్లు. అయితే ప్రకృతి నిర్ణయించింది అంతవరకే. ఆ విద్యుత్తును ఒడిశా, ఆంధ్ర రాష్ట్రాలు ఏ వాటాల్లో పంచుకోవాలి, తీగలను ఏ పట్టణాల వైపు లాగాలి, నష్టపరిహారానికి ఏ కాగితం అడగాలి అన్నవన్నీ మనుషులు కూర్చుని నిర్ణయించినవే. 1894 నాటి భూసేకరణ చట్టం కింద పట్టా చూపించగలిగినవారి మాటే చెల్లింది, తరతరాలుగా కొండపోడు చేసుకుంటున్నవారి దగ్గర ఆ కాగితం లేదు. మీ సహోపాధ్యాయులకు ఈ తేడా చూపించండి.

జవాబు 2 (రాయగడ):
మా నాన్నగారు ఒక జలవిద్యుత్ కేంద్రంలో పనిచేశారు. మా క్వార్టర్లలో రాత్రంతా దీపాలు వెలుగుతుంటే, ఎదురుగా కొండవాలున ఉన్న ఊరు చీకట్లో ఉండేది. ఆ ఊరివాళ్లు సంతకు వచ్చినప్పుడు మేము వాళ్లను పేరు పెట్టి పిలిచినట్టు నాకు గుర్తు లేదు. ఉద్యోగులుగా, గుత్తేదారులుగా, వర్తకులుగా ఈ జిల్లాలకు వచ్చిన తెలుగువాళ్లం ఆ వెలుగులో వాటా పొందినవాళ్లమే. ఈ పాఠం మన పిల్లలకు చెప్పేటప్పుడు దయచేసి ఆ సంగతిని దాటవేయకండి. నాకు ఇది ఇప్పటికీ బాధగానే ఉంది.

జవాబు 3 (మల్కన్‌గిరి):
మాట విషయానికొస్తే, తెలుగులో ‘జాతి’ అంటే దేశమూ అవుతుంది, తెగా అవుతుంది. ‘జాతి ప్రయోజనం’ పేరిట భూములు తీసుకున్నది ‘గిరిజన జాతుల’ దగ్గరే. అందుకని నేనైతే ‘ఆదివాసులపై పర్యావరణ వివక్ష’ అని రాస్తాను. పోలిక కోసం వారెన్ కౌంటీ కంటే ఉత్తర డకోటాలోని గారిసన్ ఆనకట్ట మనకు దగ్గరగా ఉంటుంది. మాచ్‌ఖండ్ కాలంలోనే మిస్సోరి నదిపై కట్టిన ఆ ఆనకట్ట మాండన్, హిదాత్సా, అరికారా అనే అక్కడి ఆదివాసీ తెగలకు కేటాయించిన ప్రాంతమైన రిజర్వేషన్‌లో లక్షన్నర ఎకరాలకు పైగా ముంచింది. 1948లో భూమి అప్పగింత పత్రంపై సంతకాలు జరుగుతుండగా తెగల మండలి అధ్యక్షుడు జార్జ్ జిలెట్ కళ్లు కప్పుకుని ఏడుస్తున్న ఫొటో ఉంది. ఇక్కడ బలిమెల జలాశయం వెనక చిక్కుకుపోయిన ఊళ్లను మేము ఇప్పటికీ ‘కటాఫ్ ఏరియా’ అంటాము. 2018లో గురుప్రియ వంతెన తెరిచేదాకా వాళ్లకు లాంచీలే దిక్కు, పురిటినొప్పులు వచ్చినా, పాము కరిచినా సరే.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. జిలెట్ ఫొటోతోనే పాఠం మొదలుపెడతాను. 2013లో ఒడిశాలోని నియమగిరి కొండల్లో 12 గ్రామసభలు బాక్సైట్ తవ్వకాన్ని తిరస్కరించిన ఘట్టాన్ని కూడా చేరుస్తాను, అడిగితే ఆదివాసులు ఏమి చెబుతారో పిల్లలకు తెలియాలి. ఆపైన రాయగడవారు చెప్పిన సంగతిని ప్రశ్నగా మార్చి పిల్లలనే అడుగుతాను: మీ ఇంటికి కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది, అక్కడ అంతకుముందు ఏ ఊరు ఉండేది? ముంపు ఊళ్ల పేర్లు తెలిసిన పెద్దలు ఎవరైనా ఉంటే ఇక్కడ రాయగలరు.