పాత డెస్క్‌టాప్‌కు తేలికైన విండో మేనేజర్ ఏది?

ప్రశ్న: 2 జీబీ ర్యామ్ ఉన్న పాత డెస్క్‌టాప్‌లో డెబియన్ (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకున్నాను. టాస్క్‌బార్, మెనూ ఉండి, మౌస్‌తోనే పని జరిగే తేలికైన విండో మేనేజర్ (తెరపై విండోలను నిర్వహించే ప్రోగ్రాం) ఏదో తెలియజేయగలరు. ఓపెన్‌బాక్స్ అనే విండో మేనేజర్ వేసి చూస్తే ఖాళీ తెర మాత్రమే కనిపించింది.

జవాబు 1: ఓపెన్‌బాక్స్ విండోలను నిర్వహించడం వరకే చూసుకుంటుంది కనుక, టాస్క్‌బార్ కావాలంటే టింట్2 వంటి ప్యానెల్‌ను విడిగా వేసుకుని, దాని పేరును ఆటోస్టార్ట్ ఫైలులో (లాగిన్ కాగానే మొదలవ్వాల్సిన ప్రోగ్రాంలు రాసే ఫైలు) చేర్చాలి. ఖాళీ తెరపై రైట్ క్లిక్ చేయండి, మెనూ వస్తుంది.

జవాబు 2: అంత శ్రమ ఎందుకండీ? 1997 నుంచి ఉన్న ఐస్‌డబ్ల్యూఎం అనే విండో మేనేజర్‌లో టాస్క్‌బార్, మెనూ, గడియారం వేసిన వెంటనే సిద్ధంగా ఉంటాయి. రూపం పాతకాలపుదే, నాకైతే అదే నచ్చుతుంది. చాలా మార్పులు ప్రిఫరెన్సెస్ అనే మామూలు టెక్స్ట్ ఫైలులో చేసుకోవచ్చు.

జవాబు 3: ఐస్‌డబ్ల్యూఎంకే నా ఓటు. అయితే ర్యామ్‌ను ఎక్కువగా తినేది బ్రౌజర్ కనుక, ట్యాబులు తగ్గించకుండా విండో మేనేజర్ ఒక్కటే మార్చితే పెద్ద తేడా కనిపించదు.