అప్‌డేట్: చలిలో మాత్రమే ట్రక్ ఇంజిన్ నుంచి డీజిల్ కారడం – కారణం దొరికింది

చలి ఎక్కువగా ఉన్న ఉదయాల్లో స్టార్ట్ చేయగానే ట్రక్ ఇంజిన్ కింద డీజిల్ చుక్కలు పడుతున్నాయని, వేడెక్కాక ఆగిపోతున్నాయని ఇదివరకు అడిగాను. సమస్య తీరింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

లీకు ఫ్యూయల్ ఫిల్టర్ దగ్గరి పైపు జాయింట్‌లో ఉంది. లోపలి ఓ-రింగ్ (జాయింట్‌లో లీకు కాకుండా ఆపే రబ్బరు రింగ్) పాతబడి గట్టిపడింది. చలికి రబ్బరు ఇంకా బిగుసుకుపోయి సందు వదిలేది, వేడెక్కగానే మళ్లీ సర్దుకునేది. మెకానిక్ తీసి చూపిస్తే, గుండ్రంగా ఉండాల్సిన రింగ్ చదునుగా అణిగిపోయి ఉంది. గోరుతో నొక్కినా దిగలేదు.

‘ఇంజిన్ శుభ్రం చేసి, ఆరబెట్టి, రాత్రంతా చలిలో వదిలేసి, పొద్దున్నే టార్చ్ వేసి చూస్తూ స్టార్ట్ చేయించండి’ అన్న సలహాయే దీన్ని పట్టించింది. చుక్కలు వెనక గేర్‌బాక్స్ దగ్గర పడేవి గానీ, డీజిల్ పైనుంచి ఇంజిన్ బ్లాక్ మీదుగా జారి అక్కడికి చేరేది. కాబట్టి తడి కనబడే అన్నిటికంటే పై చోటు చూడాలి. వేడి ఇంజిన్ మీద ఎంత వెతికినా లాభం లేదు.

పంపు, ఇంజెక్టర్లు, రిటర్న్ పైపులు బాగానే ఉన్నాయి. డీజిల్ గడ్డకట్టడానికీ దీనికీ సంబంధం లేదు, డీజిల్‌లో కలిపే యాడిటివ్‌తో మార్పేమీ రాలేదు. కొత్త ఓ-రింగ్‌కి కాస్త డీజిల్ రాసి బిగించారు. పొద్దున్న స్టార్టింగ్ ఇబ్బంది కూడా పోయింది. ఆ సందులోంచే గాలి డీజిల్ పైపులోకి వెళ్లేదట.