షష్టిపూర్తా, షష్ఠిపూర్తా? మా నాయన కార్డు దగ్గర వచ్చిన తకరారు

మొదటి పోస్టు (అనంతపురం)

మా నాయనకు అరవై నిండుతున్నాయి. నిన్న ఆహ్వానం ప్రూఫ్ చూడడానికి ప్రెస్సుకు పోయాను. పసుపు కార్డు, పైన వినాయకుడు, కింద ఎర్ర అక్షరాల్లో 'షష్ఠిపూర్తి మహోత్సవం'. ఆ ఠ పొట్టలో చుక్క కంట్లో నలుసులా గుచ్చుకుంది. "తమ్ముడూ, ఇది ట. ఠ కాదు" అన్నాను. డీటీపీ చేసే పిల్లోడు మానిటర్ మీంచి తల తిప్పకుండానే "ఈ నెల్లో ఇది నాలుగో కార్డు సార్. అందరికీ ఇదే కొట్టినా, ఎవురూ అడగలే" అన్నాడు. పక్కన కూర్చున్న పెద్దాయన "ఒత్తు ఉంటేనే కదప్పా నిండుగుంటాది" అని తీర్పు కూడా చెప్పేశాడు.

గ్రూపులో పెద్దలున్నారు కాబట్టి నాకు తెలిసింది ఇక్కడ పెడుతున్నా, తప్పైతే దిద్దండి.

షష్టి అంటే అరవై. షష్ఠి అంటే ఆరవది, ఆరో తిథి. సుబ్రహ్మణ్య షష్ఠికి ఠ ఉండాల్సిందే. గుర్తు పెట్టుకోవడం కూడా సులభమే. సంస్కృతంలో లెక్క చెప్పే పెద్ద సంఖ్యలు చూడండి: వింశతి, సప్తతి, అశీతి, నవతి. అన్నిటి చివరా 'తి' ఉంది. అరవైకీ అదే 'తి'. కాకపోతే ముందు ష ఉండడంతో త కాస్తా ట అయింది. ఒత్తు ఎక్కడినుంచీ రాదు. ఎన్నోది అని వరస చెప్పేటప్పుడు మాత్రం చతుర్థికి థ, షష్ఠికి ఠ వస్తాయి. అసలు పూర్తి మాట షష్ట్యబ్దపూర్తి. అబ్దం అంటే ఏడాది. అరవై ఏళ్లు నిండడం అన్నమాట.

కార్డులో ఉన్నది ఉన్నట్టు చదివితే మా నాయనకు ఆరోది నిండింది. ఆరో నెల అనుకుంటే అన్నప్రాశనకు పిలిచినట్టు!

ఇంతవరకూ ఒత్తు గొడవ. అసలు నేను రాయాలనుకున్నది ఇంకొకటి. అరవైకే ఎందుకు ఇంత పండగ? యాభైకి లేదు, నూరు ఎటూ అందరికీ అందదు. ప్రభవ నుంచి అక్షయ దాకా ఏళ్ల పేర్లు అరవై. ప్రతి ఉగాదికీ ఒక పేరు పోయి ఇంకో పేరు వస్తుంది. మనిషి పుట్టిన ఏడు పేరు మళ్లీ వినపడాలంటే అరవై ఉగాదులు దాటాలి. గురుగ్రహం ఒక చుట్టు తిరగడానికి దాదాపు పన్నెండేళ్లు, శనికి దాదాపు ముప్పై. అరవై ఏళ్లకు గురుడివి ఐదు చుట్లు, శనివి రెండు చుట్లు అవుతాయి. లెక్క అక్కడినుంచి వచ్చిందంటారు. కాబట్టి షష్టిపూర్తి అంటే వయసు పండగ కన్నా పేరు తిరిగొచ్చిన పండగ అనాలి.

మా నాయనది విశ్వావసు. మా జేజి ఎప్పుడూ చెప్పేది: "వీడు ఉగాది అమాస నాడు పుట్టినాడు. ఒక్క పొద్దు ఆగింటే పరాభవ అయ్యేది, దేవుడే కాపాడినాడు." పరాభవం పేరుతో కొడుకు పుట్టడం ఆమెకు ఇష్టం లేదు. పాత పంచాంగం లెక్కన చూస్తే అది 1966 మార్చి 22. మర్నాడే ఉగాది.

మరి సర్టిఫికెట్లో? 1-7-1965. బడిలో వేసేటప్పుడు అయ్యవారు "ఎప్పుడు పుట్టినాడమ్మా" అని అడిగితే జేజి "విశ్వావసు" అంది. ఆయనకు విశ్వావసు అంటే 1965 అని తెలుసు. కానీ ఆ ఏడు 1965 ఏప్రిల్ మొదట్లో మొదలై 1966 మార్చి దాకా నడిచిందని ఆ తొందరలో తట్టలేదు. జూలై ఒకటి అని రాసి పారేశాడు. బడి లెక్క ప్రకారం మా నాయన జేజి కడుపులో పడేనాటికే పుట్టేసి ఉన్నాడు. పోయినేడు జూన్ నుంచే చుట్టాలు "అరవై నిండె కదా, ఎప్పుడు చేస్తారు" అని ఫోన్ల మీద ఫోన్లు. ఈ ఉగాది, అంటే 2026 మార్చి 19న, పరాభవ వస్తోంది. మేం చేసేది దానికి ముందు, ఈ ఫాల్గుణంలో. జేజి మాట ప్రకారం.

జవాబు (నంద్యాల)

వివరణ బాగుంది. కానీ సార్, పది కార్డుల్లో తొమ్మిదింట్లో ఠ ఉంటే అదే వాడుక అవుతుంది కదా. భాషను జనం నడుపుతారా, వ్యాకరణం నడుపుతుందా?

నా జవాబు

జనమే నడుపుతారు, కాదనను. ఆ జనం నోరు ఏమంటోందో కూడా చూడండి. మనలో ఎవరమైనా మాట్లాడేటప్పుడు ఠ పలుకుతున్నామా? సుబ్రహ్మణ్య షష్ఠిని కూడా 'సష్టి' అనే అంటాం. నోటికి లేని ఒత్తు చేతికి వచ్చింది. రాసేటప్పుడు 'ఒత్తు లేకపోతే తప్పేమో' అనే టెన్షన్ మనది. విద్యార్థిని 'విధ్యార్థి' చేసేదీ, ఉద్యోగాన్ని 'ఉధ్యోగం' చేసేదీ ఆ భయమే. దాన్ని వాడుక అనడానికి నాకు మనసు రావడం లేదు.

ఇంకో మాట. విశ్వావసులో దీర్ఘం కూడా చాలామంది మింగేస్తున్నారు. పోయిన ఉగాదికి ఫ్లెక్సీల మీద 'విశ్వవసు' ఎన్నిసార్లు చూశానో. విశ్వ తర్వాత వసు వస్తే దీర్ఘం రావాలని పాణిని ప్రత్యేకంగా సూత్రమే రాశాడు. ఆ పేరు ఒక గంధర్వుడిది.

జవాబు (ఆదోని)

మా వైపు ఏళ్ల పేర్లు పంచాంగంలో కన్నా కరువుల్లో ఎక్కువ బతికున్నాయన్నా. మా అబ్బ 'ధాత కరువు' అనేవాడు. ఆయన చూసింది కాదు, వాళ్ల తాత చెప్పింది. లెక్క కడితే ధాత 1876లో వచ్చింది, తర్వాతిది ఈశ్వర. 1876-78 పెద్ద కరువు అదే. అప్పుడు మనమంతా మద్రాసు ప్రెసిడెన్సీ. మనిషికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా ఇస్తే చాలని దొరలు కూలి కట్టిన కరువు. ఒక పౌను అంటే అర్ధకిలో కూడా కాదు.

పేరు చూడండి. ధాత అంటే సృష్టి చేసేవాడు, బ్రహ్మ. ఊర్లో దాన్ని 'దాత' అని ఒత్తు లేకుండా పలికితే ఇచ్చేవాడు. ఏమీ ఇవ్వని ఏడుకు ఆ పేరు! మీరు ఒత్తుల మీద పోస్టు పెట్టారు కాబట్టి చెప్పాల్సి వచ్చింది.

కోస్తాలో గుంటూరు కరువును 'నందన కరువు' అంటారు. అది 1832-33, నందన నామ సంవత్సరం. నందన అంటే ఆనందం ఇచ్చేది. ఏళ్లకు పేర్లు పెట్టినవాడికి ముందుచూపు లేదు పాపం.

నా జవాబు

అన్నా, ధాత-దాత సంగతి నాకు తట్టనే లేదు. అక్కడ ఒత్తు పోతే కరువే దానమైపోయింది.

జవాబు (కడప)

నాకు ఈ లెక్కలన్నీ కొత్త. మాది ముస్లిం కుటుంబం, మా ఇంట్లో ఏళ్ల పేర్లు లేవు. మా అమ్మ పిల్లల పుట్టుకలు నెలల మీద చెప్పేది: పెద్దోడు పీర్ల పండగప్పుడు, నేను రంజాన్ ఇంకో వారం ఉందనగా. మా నెలలు చంద్రుడి వెంట నడుస్తాయి, మధ్యలో అధికమాసం కలపరు. ఏడాదికి పదకొండు రోజులు ముందుకు జరుగుతాయి. ఆ లెక్కన మీ నాయనకు అరవై నిండేసరికి మా లెక్కలో అరవై ఒకటి దాటి అరవై రెండు దగ్గర పడుతుంది అన్నా. మీ బడి అయ్యవారు వేసిన తేదీ కన్నా మేమే ఎక్కువ పెద్ద చేస్తాం!

ఉగాది మాత్రం మా ఇంట్లో ఉంది. తెల్లవారుజామునే దేవుని కడపకు పోయేవాళ్లం. వెంకటేశ్వరస్వామి బీబీ నాంచారిని చేసుకున్నాడు కాబట్టి మా ఇంటి అల్లుడని మా పెద్దోళ్ల మాట. ఏడాది మొదటి రోజు అల్లుణ్ణి చూడకుండా ఎట్లా ఉంటాం అనేది మా అమ్మ. టెంకాయ కొట్టించుకుని, తీర్థం తీసుకుని వచ్చేవాళ్లం. మా అక్కకు పెళ్లయిన ఏడు కొత్త బావను కూడా తీసుకుపోయినాం. గుడి ముందు క్యూలో నిలబడి ఆయన మెల్లగా "ఇద్దరల్లుళ్లమూ ఒకే రోజు కలిసినాం" అన్నాడు. మా అమ్మ ఆ మాట ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది.

నాకు ఒక సందేహం. నాంచారి అనే మాట ఎక్కడిది?

నా జవాబు

అక్కా, అది తమిళం నాచ్చియార్ నుంచి వచ్చింది. దేవేరి, అమ్మవారు అని అర్థం. తెలుగులో నాచారు, నాంచారు, నాంచారి అయింది. బీబీ అన్నా అమ్మగారే. అంటే బీబీ నాంచారి అనే పేరులో రెండు భాషలూ ఆమెను 'అమ్మా' అనే పిలుస్తున్నాయి. కడప కూడా అట్లాంటిదే, గడప అన్నమాటే. తిరుమలకు పోయేవాళ్లు ముందు దాటే గడప అని పెద్దలు చెబుతారు. మీ బావగారి మాట మాత్రం ఏ నిఘంటువులోనూ దొరకదు.

జవాబు (ప్రొద్దుటూరు)

'ఉగ' అంటే నక్షత్రాల నడక, దానికి 'ఆది' కాబట్టి ఉగాది అని ప్రతి ఏడూ పేపర్లో చదువుతున్నాను. ఇక్కడ ఎవరూ ఎత్తలేదేమి?

నా జవాబు

పేపర్లో నేనూ చదివాను. నాకు నమ్మకం కలగలేదు. యుగాదిలో మొదటి య పోయి ఉగాది అయింది, అంతే. కన్నడంలో యుగాది, ఉగాది రెండూ ఇప్పటికీ వాడతారు. మడకశిర వైపు మన తెలుగువాళ్లు కూడా యుగాది అనడం విన్నాను. అచ్చ తెలుగు మాటలు య తో మొదలవడం అరుదు, మన నోటికి అది పట్టదు. యముణ్ణి జముణ్ణి చేశాం, యాత్రను జాతర చేశాం, యోగిని జోగి చేశాం. ఇక్కడ జ రాకుండా య ఊరికే జారిపోయింది.

యుగం అంటే లక్షల ఏళ్లు కదా, ఏడాదికోసారి యుగం మొదలవడమేంటి అని అడుగుతారు. వేదాంగ జ్యోతిషంలో యుగం అంటే ఐదేళ్లే. అట్లాంటి యుగాలు పన్నెండు కలిస్తే అరవై. కలియుగం పెద్దదైపోయింది గానీ, మాట మొదట్లో అంత పెద్దది కాదు.

జవాబు (పత్తికొండ)

వసంతం పండగలు అంటున్నారు కాబట్టి మా పక్క ముచ్చట ఒకటి. ఆస్పరి మండలం కైరుప్పలలో ఉగాది మర్నాడు ఊరు రెండుగా చీలి పిడకలతో కొట్టుకుంటారు. వీరభద్రస్వామికీ భద్రకాళికీ పెళ్లి విషయంలో వచ్చిన గొడవ అని కథ. ఆ కొట్లాట అయినాక కల్యాణం. పేపర్లలో, టీవీల్లో దాన్ని 'పిడకల సమరం' అంటారు. ఊర్లో 'నుగ్గులాట' అంటారు. సమరం అన్నాక అది యుద్ధం అయిపోయింది, ఆట పోయింది. ఆ మాట నాకు నచ్చదు.

ఇంకొకటి, బొబ్బట్లను మీ అనంతపురంలో ఓళిగలు అంటారే, మా దగ్గర బచ్చాలు. ఏ పేరుతో పెట్టినా షష్టిపూర్తికి వచ్చి తింటాం, పిలవండి.

జవాబు (నంద్యాల)

ఒప్పుకున్నాను సార్, షష్టి. మా మామకు రెండేళ్ల కిందట వేయించిన కార్డు ఇప్పుడే బీరువాలోంచి తీసి చూశాను. ఠ. ఎవరికీ చెప్పకండి.

నా చివరి పోస్టు (మూడు రోజుల తర్వాత)

ఇంకొంతమంది డెబ్బై, ఎనభై సంగతి అడిగారు. డెబ్బైకి భీమరథ శాంతి. వెయ్యి పున్నములు చూసినవాళ్లకు సహస్ర చంద్రదర్శనం. ఎనభై ఏళ్ల పది నెలలకు వెయ్యో పున్నమి వస్తుంది. పున్నమికీ పున్నమికీ ఇరవై తొమ్మిదిన్నర రోజుల కన్నా కాస్త ఎక్కువ, లెక్క కట్టుకోండి. అక్కడ అక్షరం తగాదా లేదు.

ప్రెస్సు నుంచి కొత్త ప్రూఫ్ వచ్చింది. షష్టిపూర్తి సరిగ్గా ఉంది. విశ్వావసు దీర్ఘం కూడా ఉంది. సంతోషంగా కిందికి వచ్చాను. పిలిచేవాళ్ల పేర్లలో మొదట నేను. నా పేరు ముందు 'జ్యేష్ట పుత్రుడు' అని ఉంది. పిల్లోడు కార్డంతటా ఎక్కడెక్కడ ఠ ఉందో వెతికి ఒక్క దెబ్బకు ట చేసేశాడు. తిప్పి పంపితే ఫోన్ చేసి "మీరే కద సార్ ఒత్తు వద్దన్నారు" అన్నాడు.

జ్యేష్ఠకు ఠ ఉండాలని, శ్రేష్ఠకు, కనిష్ఠకు కూడా ఉండాలని ఫోన్లో చెబుతుంటే మా నాయన పక్కనే కూర్చుని వింటున్నాడు. ఫోన్ పెట్టేశాక "మీ జేజి ఉండింటే ఈ కార్డులెందుకు, నోటితో పిలుస్తాం పోండ్రా అనేది" అన్నాడు. మూడో ప్రూఫ్ రేపు.