దాడిలో పౌరులు చనిపోతే తప్పును దేన్ని బట్టి తేల్చాలి?

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఎల్‌ఎల్‌బీ చదువుతున్నాను. చిక్కడపల్లి లైబ్రరీ బయట టీ తాగుతూ మొదలైన వాదన మా స్నేహితుల మధ్య ఇంకా తెగలేదు. సైన్యంలో పనిచేసినవాళ్లు, అంతర్జాతీయ చట్టం తెలిసినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.

యుద్ధ నియమాలు చెప్పే జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి అదనపు ప్రోటోకాల్ 51వ అధికరణం ప్రకారం, దక్కబోయే సైనిక ప్రయోజనంతో పోలిస్తే పౌరుల నష్టం మితిమీరుతుందని అంచనా ఉంటే ఆ దాడి చేయకూడదు. (మన దేశం ఈ ప్రోటోకాల్‌లో చేరలేదు, 1949 జెనీవా ఒప్పందాల్లో ఉంది.) అంటే చూసేది కమాండర్‌కు అప్పటికి తెలిసినదాన్నే గానీ, తర్వాత తేలిన మృతుల సంఖ్యను కాదు.

ఇక్కడే నాకు మనసొప్పడం లేదు. 2021 ఆగస్టు 29న కాబూల్‌లో ఒక తెల్ల టయోటా కరోలా కారును అమెరికా సైన్యం వాళ్లు డ్రోన్లతో గంటల తరబడి వెంబడించారు. అందులో పెట్టిన నీళ్ల క్యాన్లను పేలుడు పదార్థాలనుకుని కొట్టారు. 10 మంది పౌరులు పోయారు, వాళ్లలో 7 మంది పిల్లలు. పొరపాటేనని అమెరికా ఒప్పుకుంది, శిక్ష మాత్రం ఎవరికీ పడలేదు.

కావాలని చేయలేదు కాబట్టి నేరం కాదంటాడు మా వాడు. అంతసేపు చూసే వీలున్నవాళ్లు తెలియదంటే ఎలా ఒప్పుకుంటాం? లక్ష్యాన్ని నిర్ధారించుకోవడానికి సాధ్యమైనదంతా చేయాలని అదే ప్రోటోకాల్ 57వ అధికరణం చెబుతోంది కదా. ఆ ‘సాధ్యమైనదంతా’ ఎంతవరకో కోర్టులు ఎలా తేలుస్తాయి? ఇంత నిర్లక్ష్యానికి కమాండర్‌ను బాధ్యుణ్ని చేసిన తీర్పు ఏదైనా ఉందా? తెలుగులో చదవడానికి ఏమైనా దొరికితే అదీ చెప్పండి.