అప్పకి హిమోగ్లోబిన్ నిలబడట్లేదు, ఆర్నెల్లుగా ఐరన్ మింగుతోంది

టెక్కలి చెల్లి:
మా అప్పకి, అంటే అక్కకి, 34 ఏళ్లు. హిమోగ్లోబిన్ 6.8. మొన్నామధ్య రెండు బాటిళ్ల రక్తం ఎక్కించారు, నెల తిరక్కముందే మళ్లీ అక్కడికే వచ్చింది. ఇప్పుడు ప్లేట్‌లెట్లూ 70 వేలే. కళ్లు పచ్చబడితే కామెర్లని మూడు వారాలు పసరు తాగించాం. నిన్న శ్రీకాకుళంలో కొత్త డాక్టరు గారు చూసి, ఒంట్లోని రక్షణ వ్యవస్థే రక్తకణాలని చంపుతోందేమో, అది తేల్చడానికి ఏఎన్‌ఏ, కూంబ్స్ అనే రక్తపరీక్షలు చేయించమన్నారు. ఖర్చెంత? స్టెరాయిడ్ వాడితే బిడ్డకి పాలివ్వొచ్చా?

సోంపేట కొబ్బరితోట:
ముందు కిడ్నీ ఎలా పనిచేస్తోందో తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించండి. ఉద్దానంలో రక్తం తక్కువంటే మేం మొదట భయపడేది కిడ్నీకే. మా నాన్నకి వాపు లేదు, నొప్పి లేదు, ఒక్క నీరసమే. రక్తం తయారవడానికి కావాల్సిన హార్మోను కిడ్నీ నుంచే రావాలట. అది చెడ్డాక ఒట్టి ఐరన్ ఏం చేస్తుంది? నాలుగేళ్లు డయాలసిస్‌కి తిప్పాను.

బొబ్బిలి మాస్టారు:
మాత్రలు పక్కన పెట్టి పొద్దున్నే చోడి (రాగి) అంబలి పట్టించండి. మా ఆవిడకి మూడు నెలల్లో 8 నుంచి 11కి వచ్చింది.

ల్యాబ్ బాబాయ్, చీపురుపల్లి:
మాస్టారూ, 6.8 ఉన్న మనిషిని మందులు మానమంటారా? 22 ఏళ్లుగా మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను. వంద గ్రాముల చోళ్లలో ఐరన్ నాలుగైదు మిల్లీగ్రాములే, ఐరన్ కన్నా కాల్షియమే ఎక్కువ. అసలు ఈ అమ్మాయికి కొరత ఐరన్‌దే కాకపోవచ్చు. ఎర్రకణాలు పగిలిపోతుంటే వాటిలోంచి వచ్చే బిలిరుబిన్‌తోనే కళ్లు పచ్చబడతాయి. కొత్త ఎర్రకణాల లెక్క చెప్పే రెటిక్యులోసైట్, కణాలు పగిలితే పెరిగే ఎల్‌డీహెచ్, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ కూడా అడగండమ్మా. మళ్లీ రక్తం ఎక్కించేముందే కూంబ్స్‌కి శాంపిల్ తీయించండి.

బొబ్బిలి మాస్టారు:
మా తాత తొంభై ఏళ్లు అంబలి మీదే బతికాడు. మీ ల్యాబు లెక్కలు ఒక చోట ఒకటి, ఇంకో చోట ఇంకొకటి.

ల్యాబ్ బాబాయ్, చీపురుపల్లి:
మీ తాతగారికి కణాలు పగిలే జబ్బు లేదు కదా! అంబలి తాగొద్దని నేననలేదు. అది మందు కాదంటున్నాను.

రాజాం అమ్మ:
ఇద్దరూ ఆపండి. డెంగ్యూ అన్న రోజుల్లో మా గుంటపిల్లకి ప్లేట్‌లెట్లు 18 వేలు. బొప్పాయాకు రసం పోశాం, అది ఏడుస్తుంటే ముక్కు మూసి మరీ పోశాను. జ్వరం పోయి నెలయినా లెక్క పెరగలేదు. పిక్కల మీద ఆవాలు చల్లినట్టు ఎర్రచుక్కలు. చివరికి విశాఖలో ఐటీపీ అన్నారు, అంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థే ప్లేట్‌లెట్లని చంపే జబ్బట. డెంగ్యూలో పడిపోయినవి వారం పది రోజుల్లో లేవాలని నాకు ఒక్కరూ చెప్పలేదు.

విజయనగరం కోటగుమ్మం:
నాకు ఏడేళ్లుగా లూపస్, రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు. ఎండలోకెళ్తే బుగ్గలు కందేవి, మంగు అన్నారు. తెల్లకణాలు 2,800కి పడిపోతే టైఫాయిడని రెండుసార్లు మందు వాడించారు. దువ్వెనకి జుట్టు గుత్తులుగా వచ్చేది, వేళ్ల కణుపులు నొప్పి. ఇవన్నీ ఒకే జబ్బని చెప్పడానికి రెండేళ్లు పట్టింది. చెల్లీ, స్టెరాయిడ్ మొదలుపెడితే అప్పని సొంతంగా మాననివ్వకు. ముఖం ఉబ్బిందని నేను ఒక్కసారిగా మానేసి ఐసీయూలో పడ్డాను. ఇప్పుడు రోజుకొక హైడ్రాక్సీక్లోరోక్విన్, ఏడాదికోసారి కళ్ల పరీక్ష. స్కూల్లో పాఠం చెబుతున్నాను.

ల్యాబ్ బాబాయ్, చీపురుపల్లి:
ఏఎన్‌ఏ పాజిటివ్ చూసి హడలిపోకండి. ఏ జబ్బూ లేనివాళ్లకీ వస్తుంది.

టెక్కలి చెల్లి:
రిపోర్టులొచ్చాయి. కూంబ్స్ పాజిటివ్, ఫెరిటిన్ ఎక్కువ. ఐరన్ ఆపేశారు, ఈరోజే ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. పాలివ్వొచ్చన్నారు. అంబలి తాగొచ్చన్నారు మాస్టారూ. పసరు తాగించింది నేనే, అప్ప మొహం చూడలేకపోతున్నాను.

సోంపేట కొబ్బరితోట:
క్రియాటినిన్ ఎంతో చెప్పలేదమ్మా.

టెక్కలి చెల్లి:
0.9 బాబాయ్, మామూలుగానే ఉంది. లూపస్ అయితే కిడ్నీకీ రావొచ్చట, రేపు యూరిన్‌లో ప్రోటీన్ చూస్తామన్నారు.